ఆ బిర్యానీ ఆపా వండింది కాదు

ఆ బిర్యానీ ఆపా వండింది కాదు. ముందు ఈ ఒక్క మాట చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు తేలికవుతుంది.

పోయిన నెల మెల్‌బోర్న్ శివార్లలోని పాయింట్ కుక్‌లో, మావాళ్ళు అన్ని వేడుకలకూ అద్దెకు తీసుకునే హాల్లోనే, ఆపా సంతాప సభ జరిగింది. మెల్‌బోర్న్‌కు తొలిరోజుల్లో వచ్చిన తెలుగువాళ్ళు చాలామందే వచ్చారు. మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఒక్కచోటికే చేరారు. ఆపా చేతి బిర్యానీ. ఆ మాట వినగానే హాలంతా నిట్టూర్చేది. ఒకాయన ఇంకొంచెం ముందుకు వెళ్ళి, "ఆ రోజు గడ్డిమైదానంలో ఆపా అందరికీ వడ్డిస్తూ ఉంటే, ఇదిగో, మనవాడు కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాం బాగుచేసి అందరి పరువూ నిలబెట్టాడు" అని నా వైపు చెయ్యి చూపించాడు. అందరూ నన్ను చూసి తలలూపారు. ముందు వరుసలో ఆపా భర్త తనలో తను నవ్వుకున్నాడు. ఆవిడ మా అందరికీ ఆపా, అంటే అక్క; ఆయన భాయ్. పక్కనే వాళ్ళమ్మాయి. ఆ పిల్ల వెనక్కి తిరిగి, వాళ్ళమ్మకు నేనేదో ఉపకారం చేసినట్టు, పెదవులు మాత్రం కదిపి "థాంక్యూ అంకుల్" అంది.

ఆ థాంక్యూ పట్టుకుని ఇంటికొచ్చాను. అప్పటినుంచీ నిద్ర సరిగా లేదు.

ఆపాది ప్రొద్దుటూరు. నాది తెనాలి. ఆవిడ గొంతు మా ల్యాబ్ దాటి, కారిడార్ దాటి, టీ కాచుకునే గది దాకా వినపడేది. ఫోన్లో మాట్లాడుతుంటే ఫోన్ అవసరం ఏముందా అనిపించేది. అంత గొంతున్న మనిషి యూనివర్సిటీలో చేసిన పరిశోధన అంతా ఎప్పుడు నోరు మూసుకోవాలనే దాని మీద.

నేను వైటూకే పనికి వచ్చినవాణ్ణి. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చెయ్యడానికి మమ్మల్ని గుంపులు గుంపులుగా పిలిపించారు. కొత్త సంవత్సరం వచ్చింది. లోకం మునగలేదు, నా కాంట్రాక్టు మునిగింది. ఒక గోదాములో అట్టపెట్టెలు సర్దుతూ ఉన్న రోజుల్లో ఎవరింట్లోనో భోజనాల దగ్గర ఆపా కనిపించింది. నేను ఏదో మాట కలపాలని, ఫలానా కంపెనీవాళ్ళు మనవాళ్ళని ఇంకొంతమందిని తీసేశారట అని చెప్పాను. ఆవిడ అయ్యో అనలేదు. చూపుడువేలు పైకెత్తి, కళ్ళు మూసుకుని, "ఉండు ఉండు. ఈ సంగతి తెలియనోళ్లు ఇంకా ఎవురు?" అంది.

"అందరికీ తెలిసిపోయింది కదా ఆపా. పొద్దుట్నుంచీ అందరూ అందరికీ ఫోన్లు చేసుకుంటున్నారు."

"అందుకే అడుగుతాండ. అందరి ఫోన్లూ ఎంగేజీ. ఆ కంపెనీలో కొత్తగా చేరినాడే, కర్నూలు పిల్లోడు, వానికి ఫోనే లేదు. రేపు బస్సెక్కి ఆఫీసుకు పోతాడు. వానికి చెప్పినారా?"

ఎవరూ చెప్పలేదు. ప్లేటు అక్కడ పెట్టేసి భాయ్‌ని కారు తియ్యమంది.

వేలు ఎత్తడం, కళ్ళు మూసుకోవడం, ఆ ప్రశ్న. ఆ తర్వాత ఆ మూడూ ఎన్నిసార్లు చూశానో. మనమందరం వార్త తెలియగానే 'విన్నావా?' అని మొదలుపెడతాం. ఆవిడ మాత్రం వినని మనిషి ఎవరా అని వెతికేది. మిగతావాళ్ళకు ఒక్క ముక్క కూడా చెప్పేది కాదు. దాంతో కొందరికి కోపం. ఒకసారి ఇల్లు మారినప్పుడు భోజనాలకు పిలుస్తూ, ఒకరికి చెప్పి నలుగురికి చెప్పమంది. సగం మంది రాలేదు. 'మాకు ఆవిడ నోటితో చెప్పలేదు' అన్నారు. ఆపా ఆ మర్నాడు కుంకుమ భరిణె కొనుక్కుని హిందువుల ఇళ్ళన్నిటికీ తిరిగింది. ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, "బొట్టు మీది, పిలుపు నాది, ఆదివారం రండి" అని మళ్ళీ పిలిచింది. ఆ ఆదివారం నిలబడడానికి చోటు లేదు.

"పిలుపు వేరు, చాటింపు వేరు అబ్బీ," అంది నాతో, గిన్నెలు తుడుస్తూ. "పిలుపు గడప గడపకూ పోవాల. చాటింపు వేసేవాడు గడప గడపకూ పోతే తెల్లారిపోతాది. వాడు నాలుగు వీధులు కలిసేకాడ నిలబడి డప్పు కొడతాడు. రెండూ కలిపినావంటే రెండూ చెడతాయి."

వారం తిరక్కుండా నన్ను తన ల్యాబ్‌లో ప్రోగ్రామర్‌గా చేర్పించింది. అప్పటికి టవర్లు లేని చోట, తీగలు లేని చోట, కదిలే వాహనాల మీద పెట్టిన రేడియోలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలి అన్నది కొత్త ప్రశ్న. ఒక్కో రేడియో మాట దగ్గరున్న వాటికే వినపడుతుంది. కబురు అందరికీ చేరాలంటే విన్నది మళ్ళీ పలకాలి, దాన్ని విన్నది మళ్ళీ పలకాలి. కానీ విన్న ప్రతిదీ వెంటనే పలికితే అన్నీ ఒకేసారి అరుస్తాయి, గాలి అంతా గోల, ఎవరి మాటా ఎవరికీ తెలియదు. ఆపా పద్ధతి ఏమిటంటే, విన్న రేడియో కొంచెం ఆగాలి. ఆగినంతసేపూ చెవి పెట్టాలి. తన చుట్టుపక్కల ఉన్నవాళ్ళందరికీ ఇంకెవరి ద్వారానో కబురు చేరిపోయిందని తేలితే నోరు మూసుకోవాలి. చేరనివాడు ఒక్కడు మిగిలినా పలకాలి.

"నేను మూగోళ్లని తయారు చేసేదాన్ని కాదు," అనేది, ఎవరైనా దాన్ని మౌనవ్రతం ప్రోగ్రాం అని ఏడిపిస్తే. "ఎవురో చెప్పే ఉంటార్లే అనుకోని ఊరుకున్నాడనుకో, వాడు మూగోడికన్నా అన్యాయం."

సిమ్యులేషన్‌లో, అంటే తెర మీద చుక్కలు పెట్టి చూస్తే, బ్రహ్మాండంగా పనిచేసింది. అది చాలు, రాసి ముగించెయ్ అన్నారు ఆవిడ డాక్టరేట్‌కు గైడుగా ఉన్న ప్రొఫెసర్. ఆపాకు చాలలేదు. ఊరి బయట మంటలార్పే స్వచ్ఛంద దళం కెప్టెన్ ఒకాయన్ని పట్టుకొచ్చింది. ముఖమంతా ఎండకు కమిలిన మనిషి. చుక్కల్ని కాసేపు చూసి ఆయన ఒక్కటే అన్నాడు. "అడవి అంటుకున్నప్పుడు గాలి తిరుగుతుంది. గాలి తిరిగిందన్న కబురు చిట్టచివరి ట్రక్కుకు అందకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నాకు చుక్కలు వద్దు. బళ్ళు చూపించు."

షరతు తేలిపోయింది. మైదానంలో ప్రతి బండికీ కబురు చేరితే వచ్చే వేసవికి తన ట్రక్కులు ఇస్తానన్నాడు కెప్టెన్, పనికి ఇంకో ఏడాది పొడిగింపు ఇస్తానన్నారు ప్రొఫెసర్. చేరకపోతే రేడియోలు బీరువాలోకి, ఆపా ట్యూటర్ పనికి.

కెప్టెన్ రెండు ట్రక్కులే ఇవ్వగలిగాడు. మిగతా బళ్ళు మావి. ఉద్యోగాలు పోయి ఖాళీగా ఉన్న వైటూకే వీరులందరం పాత కామ్రీ, కమోడోర్ కార్లు వేసుకుని, పక్కసీట్లో లాప్‌టాప్, పైన అయస్కాంతంతో అంటించిన యాంటెన్నా పెట్టుకుని బయల్దేరాం. మధ్యాహ్నం బిర్యానీ అని ఆపా చెప్పింది, అందుకే ఒక్కరూ మానలేదు. ఇప్పుడు వరసగా ఇళ్ళున్న పాయింట్ కుక్ అప్పటికి ఇంకా గడ్డిమైదానమే. ఎండాకాలం చివర, గడ్డి కోయించేసి, జాగ్రత్తకు నీళ్ళ ట్రక్కు పక్కన పెట్టి, కెప్టెన్ మమ్మల్ని మైదానమంతా చెదరగొట్టాడు. చిట్టచివర చిన్న దిబ్బ, దాని వెనక భాయ్ కారు. అందులోనే బిర్యానీ డేక్సా. భాయ్ తెల్లవారుజామునే లేచి గరాజ్‌లో పొయ్యి పెట్టి వండాడు. మసాలా ఎవర్నీ ముట్టుకోనివ్వడు, ఆపాను అసలు ముట్టుకోనివ్వడు. ఆవిడకు బియ్యం ఎంత ఉడికిందో చూడ్డం కూడా రాదు.

కబురు అందిన బండి హెడ్‌లైట్లు వెయ్యాలి. అదీ గుర్తు.

కెప్టెన్ పక్కన నిలబడి ఆపా మొదటి కబురు పంపింది: గాలి తిరిగింది, ఉత్తరానికి మళ్ళండి. దగ్గర్లో రెండు బళ్ళ లైట్లు వెలిగాయి. ఇంకోటి వెలిగింది. తర్వాత ఏమీ లేదు. కాసేపటికి మావాళ్ళు కార్లు దిగి గడ్డిలో నడవడం మొదలుపెట్టారు. "అన్నా, నీకొచ్చిందా?" "రాలేదు తమ్ముడూ, నీకు?" "నాకొచ్చింది కానీ తెర బిగుసుకుపోయింది." నిజంగా మంటలై ఉంటే అందరం ఆ మాటల్లోనే బూడిదయ్యేవాళ్ళం. కెప్టెన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ప్రొఫెసర్ గడియారం చూసుకున్నారు. దిబ్బ వెనక భాయ్‌కి ఇదేమీ తెలియదు, పిలుపు వచ్చేదాకా కదలొద్దని చెప్పారు కాబట్టి ఆయన కదల్లేదు. బిర్యానీ ఉన్న కారుకే కబురు అందలేదు. ఒక మనిషిని పంపించి పిలిపించాల్సి వచ్చింది.

తప్పెక్కడో నాకు తెలుసు. ముందు వారం నేనే కొన్ని లైన్లు కలిపాను. ఆపాను అడగలేదు. విన్నవాడు నోరు మూసుకోవడమేమిటి, ఎవడైనా మిగిలిపోతే ఎలా అని నాకు లోపల గుబులు. పెళ్ళికి పిలిచి వచ్చాక కూడా మర్నాడు 'తప్పకుండా రావాలి' అని మళ్ళీ కబురు పెట్టే ఇంట్లో పెరిగినవాణ్ణి. అందుకని ప్రతి రేడియో తన పక్కనున్న ఒక్కొక్క రేడియోకీ విడివిడిగా చెప్పేటట్టు, 'చేరిందా' అని అడిగేటట్టు, జవాబు రాకపోతే మళ్ళీ అడిగేటట్టు రాశాను. ల్యాబ్ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే ముచ్చటగా పనిచేసింది. మైదానంలో ఆ అడగడాలూ చెప్పడాలూ కలిసి గాలిని గోలతో నింపేశాయి.

ఆపా వచ్చి నా తెర వైపు వంగింది. ఒక్క చూపు.

"ఇవేంది అబ్బీ? ఒక్కొక్కన్నీ బొట్టు పెట్టి పిలుస్తాండావా?"

ఆవిడ నవ్వింది. మైదానం అవతల దాకా వినపడేటంత నవ్వు. అంతలో ప్రొఫెసర్ కారు తాళాలు బయటికి తీయడం చూసి నవ్వు ఆపేసింది.

"నువ్వు ఈడే కూర్చో. వీళ్ళని నేను కదలనీను."

వెళ్ళి భాయ్ చేతిలో గరిటె లాక్కుంది. ఆవిడ వడ్డించడానికి కారణం అదొక్కటే. తినేవాడు కారెక్కి పోలేడు. కెప్టెన్ ప్లేటు నింపింది, ప్రొఫెసర్ ప్లేటు నింపింది, వాళ్ళు చాలంటున్నా వినకుండా ఇంకో ముక్క వేసింది. వేస్తూ, నా వైపు తిరక్కుండానే, తెలుగులో కేకలు.

"ఆ 'చేరిందా' అనేది తీసేయ్ అబ్బీ! మొత్తం! తీసినావా?"

"తీశాను ఆపా!"

"మోర్ రైతా, సర్? ...దాని కింద జవాబు కోసరం కాచుకొనేది ఉంటాది, అదీ తీసేయ్!"

"తీశాను!"

"ఇప్పుడు ఆగే టైము చూడు. అందరికీ ఒకటే పెట్టినావు. అట్లా పెడితే అందురూ ఒకేతూరి లేస్తారు. దూరంగా ఉండేవాడు ముందు మాట్లాడాల, దగ్గిరుండేవాడు ఆగాల. వాని మాట శానా దూరం పోతాది కదా!"

కెప్టెన్ చెంచా ఆపి, ఆవిడ ఏం చెబుతోందని భాయ్‌ని అడిగాడు. భాయ్ ఏమాత్రం తడుముకోకుండా, "మసాలా గురించి, సర్. వెరీ సీక్రెట్," అన్నాడు.

చూసినవాళ్ళందరికీ కనిపించింది ఇది. మగవాడు కంప్యూటర్ ముందు వంగి టకటకా కొడుతున్నాడు. ఆడమనిషి గరిటె పట్టుకుని తిరుగుతోంది. తర్వాత ఇన్నేళ్ళూ అందరి నోళ్ళలో నిలిచింది ఇదే. నిజానికి ఆ పూట నేను చేసింది నేను రాసినదాన్ని చెరపడం ఒక్కటే. మిగతా ప్రతి అక్షరం గరిటె పట్టుకున్న మనిషి చెప్పింది.

తిన్నాక కెప్టెన్ బెల్టు సర్దుకుంటూ, ఇంత తిని వెంటనే ఎక్కడికి పోతాం, ఇంకోసారి చూద్దాం అన్నాడు. అన్ని లాప్‌టాపుల్లోకీ కొత్త ప్రోగ్రాం ఎక్కించాం. కార్లు మళ్ళీ చెదిరిపోయాయి. ఖాళీ డేక్సాతో భాయ్ మళ్ళీ దిబ్బ వెనక్కి వెళ్ళాడు. ఈసారి కెప్టెన్ అడక్కపోయినా, బళ్ళు నిలబడి ఉండక్కర్లేదు, ఇష్టమొచ్చినట్టు తిరగండి అని ఆపా అందరికీ చెప్పింది. గుండె ధైర్యం అంటే అది.

కబురు పంపింది. పంపి చేతులు వెనక్కి కట్టుకుంది.

మొదట కుడివైపు కామ్రీ. దానికి చాలా అవతల ఒక ట్రక్కు. మధ్యలో కార్ల లైట్లు ఒక్క క్షణం వెలగలేదు, నా ప్రాణం పోయింది. అంతలో అవన్నీ కూడా వెలిగాయి. వెలుగు మైదానం మీద పరుగు పెట్టింది. నిజంగా పరుగే. పట్టపగలు, ఎండలో, పసుపుపచ్చ గడ్డి మీద ఒకదాని తర్వాత ఒకటి లైట్లు విచ్చుకుంటూ, ఒకచోట రెండుగా చీలి, మళ్ళీ కలిసి, దిబ్బ దాకా వెళ్ళాయి. దిబ్బ దగ్గర ఆగాయి. అవతల ఏముందో మాకు కనపడదు.

మావాళ్ళు ఒక్కరు కూడా కారు దిగి అన్నా వచ్చిందా అనలేదు.

దిబ్బ వెనక నుంచి హారన్. ఆపకుండా, పెళ్ళిబాజా లాగా, భాయ్ చెయ్యి తియ్యకుండా కొడుతూనే ఉన్నాడు.

ఆపా పరుగెత్తింది. చున్నీ ఎక్కడో జారిపోయింది, చెప్పు ఒకటి గడ్డిలో ఉండిపోయింది, చేతులు రెండూ పైకెత్తి ఆ హారన్ వైపు పరుగెడుతూ ప్రొద్దుటూరంతా వినపడేటంత గట్టిగా "అందరికీ! అందరికీ చేరింది!" అని అరిచింది. ఎప్పుడు నోరు మూసుకోవాలో కనిపెట్టిన మనిషి. ఆవిడ వెనకాల కార్లన్నీ హారన్లు అందుకున్నాయి. నీళ్ళ ట్రక్కు వాడు సైరన్ కూడా వేశాడు. మా బతుకుల్లో ఆ ఏడాది అదొక్కటే గెలుపు. కానీ ఎంత గెలుపు!

కెప్టెన్ నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "గుడ్ ఆన్ యా, మేట్!" లాప్‌టాప్ నా ఒళ్ళో ఉంది మరి. ఆపా తిరిగొచ్చాక ఆవిడతో, "అద్భుతమైన భోజనం" అన్నాడు. నేను నోరు తెరిచాను. చుట్టూ అంత గోల. ఆపా చెబుతుందిలే అనుకున్నాను. ప్రొఫెసర్‌కు తెలుసుగా, ఆయన చెబుతారులే అనుకున్నాను. మూసుకున్నాను.

కాగితాల మీద ఎక్కడా తప్పు లేదు. ఏడాది పొడిగింపు వచ్చింది, ట్రక్కులు వచ్చాయి, పరిశోధన ఆవిడ పేరునే వెలువడింది, డాక్టరేటు ఆవిడదే, తర్వాత ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పింది. తప్పంతా మనుషుల నోళ్ళలోనే. ఒకసారి నేనే అన్నాను, "ఆపా, అందరూ నేనే చేశాననుకుంటున్నారు."

"తెలియాల్సినోళ్లకు తెలుసు లే." కాసేపు వేలు పైకెత్తి కళ్ళు మూసుకుంది. "తెలియనోళ్లు ఎవురుండారబ్బా... ఎవురూ లేరు."

అప్పటికి వాళ్ళమ్మాయి పుట్టలేదు.

పోయిన ఆదివారం భాయ్‌నీ ఆ అమ్మాయినీ మా ఇంటికి పిలిచాను. ఫోన్లో కాదు, వాళ్ళ గడప దాకా వెళ్ళి పిలిచాను. టీ తాగుతూ ఇదంతా చెప్పాను, నేను కలిపిన లైన్లతో సహా. అమ్మాయికి తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే.

"వెయిట్. డాడ్ బిర్యానీ చేశాడని ఐ న్యూ దట్. బట్ ఆ లైట్స్... దట్ వాజ్ మమ్?"

"మీ అమ్మే."

తండ్రి వైపు తిరిగింది. "యూ నెవర్ టోల్డ్ మీ!"

భాయ్ కప్పు కింద పెట్టాడు. "అరె, వీడు చెప్పి ఉంటాడనుకున్నా బేటా. మీ అమ్మ చెప్పి ఉంటుందనుకున్నా."

"ఆపా చెప్పిందనుకున్నాను నేను," అన్నాను.

ఆపా పద్ధతిలో ఆవిడ జీవితమంతా భయపడిన పొరపాటు అదొక్కటే. దాన్ని ఆవిడ మనుషులమే, ఆవిడ సంగతిలోనే చేసి చూపించాం.

"సో, వేర్ వాజ్ ఇట్?" అంది అమ్మాయి లేస్తూ.

దిబ్బ ఇంకా ఉంది, మా వీధి చివర. ఇప్పుడు పిల్లల పార్కు, జారుడుబల్ల, చుట్టూ ఇళ్ళు. అమ్మాయి తన చిన్న కారు తీసుకుని దిబ్బ వెనక్కి, వాళ్ళ నాన్న నిలబడిన చోటికి వెళ్ళింది. భాయ్ దిబ్బ ఎక్కాడు. నేను పార్కు ఇవతల నా కారు హెడ్‌లైట్లు వేశాను. అవి చూసి భాయ్ దిబ్బ మీదినుంచి అవతలికి చెయ్యి ఊపాడు.

హారన్ మోగింది. ఆగలేదు. వాళ్ళ నాన్న చెయ్యే, వాళ్ళమ్మ గొంతే.

నాలుగిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి ముసలాయన గడ్డికి నీళ్ళు పెడుతున్నవాడు, పైపు పట్టుకునే రోడ్డు మీదికి వచ్చాడు. ఈ మధ్యే వచ్చాడు మా వీధికి.

"ఏమైంది, మేట్? అంతా బాగానే ఉందా?"

ఆయనకు తెలియదు. పైపు కట్టెయ్యమని చెప్పి, మొదటినుంచీ మొదలుపెట్టాను. ఆ బిర్యానీ ఆపా వండింది కాదు, అన్నాను.